మడి గదిలో వాన

మండికల్‌లో నాగరాజ్ ఇంట్లో మడి గదులు రెండున్నాయి. రెండిట్లో ఏదీ దేవుడిది కాదు. దేవుడు వంటింట్లో బియ్యపు డబ్బా పైన గూట్లో ఉంటాడు. ఆయన దగ్గరికి ఎవరైనా పోవచ్చు. చేతిలో కాఫీ లోటా ఉన్నా ఏమీ అనుకోడు.

మొదటి మడి గది నాగరాజ్ భార్య లక్ష్మీనరసమ్మది. ఇంటి వెనక రేకుల గది. అందులో ఆమె పట్టుపురుగులు మేపుతుంది. లోపలికి పోవాలంటే చెప్పులు విడవాలి, వాకిట్లో తొట్టిలో ఉన్న సున్నపు నీళ్ళలో కాళ్ళూ చేతులూ ముంచాలి. బీడీ తాగినవాడు, నశ్యం పీల్చినవాడు దరిదాపులకు రాకూడదు. పొగాకు గాలి సోకితే పురుగు కక్కుకుని పడిపోతుంది. అగరొత్తి కూడా పనికిరాదు. అందుకని పురుగులు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దేవుడికి ధూపం బంద్. దీపం, పువ్వు, అంతే. "పసిబిడ్డలుండే ఇల్లు సామీ, నువ్వే సర్దుకోవాల" అని ప్రతి పంటకూ ఒకసారి ఆమె వెంకటరమణస్వామికి చెప్పుకుంటుంది. ఆయన ఇంతవరకు కాదనలేదు.

రెండో మడి గది నాగరాజ్‌ది. అందులో యాంప్లిఫయర్ ఉంటుంది.

యాంప్లిఫయర్ అంటే పెండ్లిళ్ళలో ఊరందరి చెవులూ గిల్లే మైకుసెట్టు డబ్బా కాదు. ఇంట్లో ఒక్కడే కూర్చుని పాట వినడానికి చేసిన పవర్ యాంప్లిఫయర్. అవి రెండు పెట్టెలు. కుడి స్పీకరుకు ఒకటి, ఎడమ స్పీకరుకు ఒకటి. ఒక్కొక్కటి రుబ్బురోలంత బరువు, పక్కలకంతా దువ్వెన పళ్ళలాగా లోహపు రెక్కలు. ద్రాక్ష మంచి రేటు పలికిన ఏడు నాగరాజ్ బెంగళూరు పోయి తెచ్చుకున్నాడు. ఎంతయిందని లక్ష్మీనరసమ్మ అడగలేదు. అడిగితే నిజం చెబుతాడేమోనని భయం.

స్పీకర్ల తీగ నీళ్ళ పైపంత లావు. అది నేలకు తగలకూడదని వరసగా చిన్న చిన్న కొయ్య పీటలు వేసి వాటి మీద పడుకోబెట్టాడు. అల్లుడొస్తే చాప, తీగకు పీట. ఆ గదిలో దగ్గకూడదు, ఫ్యాను వేయకూడదు. గోడమీద ఎన్నో ఏండ్లుగా ఉన్న వెంకటరమణస్వామి క్యాలెండరును కూడా తీసేశాడు. మృదంగం మోగినప్పుడు కాగితం అదిరి బరబరమంటుందట.

"దేవుణ్ణి గదిలోనించి ఎళ్ళగొట్టి దేవుడి పాటలు వింటావా?" అంది ఆమె ఆ రోజు.

"ఎళ్ళగొట్టలేదు మే. వంటింటికి మార్చినా. ఆడ ఆయప్పకు వాసనన్నా తగులుతాది."

నాగరాజ్ చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు ఏ ఊళ్ళో ఉత్సవమైతే ఆ ఊరికి నడిచిపోయి నాగస్వరం వాయించే ఆయన మోకాళ్ళకు ఆనుకుని కూర్చునేవాడు. వాయించేవాడు గాలి పీల్చుకునే చప్పుడు వినాలని ఆశ. ఆ చప్పుడు మళ్ళీ ఈ పెట్టెల్లోనే వినిపించిందట. యాభై ఏడేండ్ల మనిషి ఆ మాట చెప్పేటప్పుడు కండ్లు తుడుచుకుంటే ఆమె ఇంకేం మాట్లాడుతుంది?

కానీ ఈ పంటకు ముందు ఇద్దరికీ మాట పెరిగింది. పురుగులు ఇంక చాలని, రేకుల గదికి సున్నం కొట్టిస్తే తన రికార్డులు పెట్టుకుంటానని నాగరాజ్ అన్నాడు. లక్ష్మీనరసమ్మకు ఒళ్ళు మండింది.

"ఇరవై రెండేండ్లలో నా చేతిలో ఒక్క పంట పోలేదు. ఈ పంట పోతే గది నీదే. మళ్ళా పురుగును ముడితే అడుగు. గంగమ్మ మీద ఆన!"

అనేసిన తరువాత నాలుక కరుచుకుంది. నాగరాజ్ మరిచిపోవచ్చు. గంగమ్మ మరిచిపోదు.

ఆన పెట్టిన ఇరవై రోజులకు తుపాను ముసురు పట్టింది.

మూడు రోజులుగా ఎండ లేదు. నంది కొండ వైపునుంచి ఈదురుగాలి. పురుగులు నాలుగో జ్వరం దాటాయి. పురుగు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా పడుకుని చర్మం మార్చుకోవడాన్ని ఈ పక్క జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటిన పురుగు వేలంత అవుతుంది, వారం రోజులు రాక్షసిలా మేస్తుంది, ఆ తరువాత గూడు కడుతుంది. ఇంకా రెండు రోజుల మేత ఉంది. సరిగ్గా అప్పుడు రేకుల గదిలో హీటరు కాలిపోయింది.

హీటరును బాగేపల్లిలో మంజునాథ అంగడికి పంపింది. కుంపటి పెడదామంటే బొగ్గు తడిసి పొగ వచ్చింది. బల్బులు కట్టి చూసింది. పాత బల్బయితే కోడిపిల్లల్ని కూడా బతికించేది. ఈ కాలపు బల్బులకు వెలుగే గాని వేడి లేదు.

ఆదివారం పొద్దున ఆమె గదిలోకి పోయేసరికి రాత్రి వేసిన ఆకు సగం అట్లాగే ఉంది. పదహారు తట్టల్లో పదివేల పురుగులు చలికి బిగుసుకుని, తలలెత్తి ఆమె వైపే చూస్తున్నాయి. మంజునాథకు ఫోను చేసింది.

"కాయిల్ వచ్చిందక్కా. సాయంత్రం బస్సులో వేసేస్తా."

"సాయంత్రానికి నీ హీటరు ఉంటాదప్పా, నా పురుగులుండవు."

ఆ పొద్దే నాగరాజ్‌కు ఇంకో హడావుడి. చింతామణి నుంచి కేశవమూర్తి వస్తున్నాడు. తాతల కాలంనుంచి దేవాలయ సేవ చేసిన ఇంటి మనిషి, టెలిఫోన్ ఆఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఈ పెట్టెల పిచ్చి ఉన్న నలభైమంది కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపుకు ఆయనే గురువు. ఇంటింటికీ పోయి విని తీర్పు చెబుతాడు. ఆయన దగ్గర ఉన్నవి రెండే మాటలు: ఒకటి "సరిపోదు", ఇంకొకటి "వినొచ్చు". నలభైమందిలో "వినొచ్చు" అనిపించుకున్నవాడు ఇంకా పుట్టలేదు. నాగరాజ్ వారం రోజులుగా అన్నం కూడా సగమే తింటున్నాడు.

"చిక్కబళ్ళాపురం బస్టాండుకు పోయి సార్‌ని పిల్చుకొస్తా" అని కారు తాళం తీసుకున్నాడు. "పెట్టెలు ఆన్‌లో ఉండాయి. మూడు గంటలు వేడెక్కాల. ఆ గది తలుపు తీయొద్దు. వేడంతా పోతాది."

వేడి అన్న మాట వినగానే లక్ష్మీనరసమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది.

ఆ పెట్టెల వేడి సంగతి ఆమెకు కొత్త కాదు. అవి క్లాస్ ఏ అంటాడు నాగరాజ్. పాట ఉన్నా లేకపోయినా ఒకే రీతిన కరెంటు తాగుతూ వేడిగా ఉంటాయట. "పని చేసినా చేయకపోయినా అంతే తింటాదా? పంచాయితీ మెంబరు మాదిరి" అని అప్పట్లో నవ్వింది. పోయిన నెల ఇడ్లీ పిండి చలికి పొంగకపోతే పొద్దునే తీసుకుపోయి ఆ పెట్టెల వెనక దాచిపెట్టింది. సాయంత్రానికి మూత లేచింది. "దూది మాదిరి ఉండాదే ఇడ్లీ" అని నాగరాజ్ నాలుగు ఎక్కువ తిన్నాడు. ఆమె కారణం చెప్పలేదు.

పిండి పొంగిన చోట పురుగు బతకదా?

పక్కింటి మునివెంకటమ్మను కేకేసింది. సంగతి విని మునివెంకటమ్మ నోరు తెరిచింది.

"అక్కా, బావ చూస్తే పురుగుల్ని కాదు, మనిద్దర్నీ ఎండేస్తాడు."

"ఎండ యాడుండాదే ఎండేసేదానికి? పట్టు, ఆ పక్క పట్టు."

పాట గదిలో నాగరాజ్ కూర్చునే కుర్చీకి వెనక, ఈ గోడనుంచి ఆ గోడకు దుప్పటంత మందం తెర వేలాడుతుంది. తెరకు, వెనక గోడకు మధ్య నాలుగడుగుల జాగా ఉట్టినే ఉంది. శబ్దం పోయి తిరిగి రావడానికి చోటు ఉండాలట. శబ్దానికి విడిది ఇల్లు. ఆ విడిదిలో ఇద్దరూ రెండు స్టాండ్లు నిలబెట్టి, ఒక్కొక్క దాంట్లో ఎనిమిదేసి మేదరి తట్టలు దోపారు. తెర అడుగున జానెడు పైకి మడిచి పిన్నీసులు పెట్టారు, వెచ్చన లోపలికి పోవాలని.

"ఈ పెట్టెలకు దండం పెట్టేదా అక్కా?" అంది మునివెంకటమ్మ పోతూ పోతూ.

"ముందు పురుగు తల దించనీ. తర్వాత చూద్దాం ఎవురికి పెట్టేదీ."

గంటసేపటికి పురుగులు తలలు దించాయి. ఒక తట్టలో ఒకటి కదిలింది, దాని పక్కది కదిలింది. లక్ష్మీనరసమ్మ తెర వెనక నేలమీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. ఆమెకు ఎప్పుడూ ఒక సందేహం. బిడ్డను సాకినట్టు దీన్ని సాకడం, గూడు కట్టిన తరువాత ఎవరో దీన్ని వేడినీళ్ళలో వేయడానికే కదా? ఈ మాట దేవుణ్ణి ఒకటి రెండుసార్లు అడిగింది. జవాబు రాలేదు. పట్టుబట్ట కడితేనే పూజకు మడి అని చెప్పినవాళ్ళను అడగవలసింది దేవుణ్ణి అడిగితే ఆయన మాత్రం ఏం చెబుతాడని ఊరుకుంది.

పదకొండుకు పురుగులకు మేత వేళ. బయట కారు వచ్చేవేళ కూడా అదే. మల్బరీ ఆకు గంప ముందు పెట్టుకుని ఆమె ఆలోచించింది. ఆకు వేస్తే పదివేల నోళ్ళు ఒక్కసారి మేస్తాయి. రేకుల మీద సన్నజల్లు పడ్డట్టు చప్పుడొస్తుంది. ఆకు వేయకపోతే రాత్రినుంచి ఆకలితో నకనకలాడిన పురుగు ఇంక గూడు కట్టదు. నాగరాజ్‌కు ఆ చప్పుడు వినబడదని ఆమెకు ధైర్యం. అతను పుట్టిందే పురుగుల ఇంట్లో. అతని ఉయ్యాల తట్టల పక్కనే కట్టారని అత్త చెప్పేది. మన ఊపిరి మనకు వినబడుతుందా? ఇక చింతామణి ఆయన అంటారా, బయట వాన పడుతూనే ఉంది కదా, వాననుకుంటాడు.

పదహారు తట్టలకూ నిండుగా ఆకు వేసింది.

కేశవమూర్తి కారు దిగాడు. తెల్ల పంచ, శాలువ, చంకలో గుడ్డలో చుట్టిన రికార్డు. దిగీ దిగగానే నడుముకున్న చిన్న డబ్బీ తీసి రెండు వేళ్ళతో నశ్యం పట్టుకున్నాడు.

అది చూసి లక్ష్మీనరసమ్మ ఒక్క పరుగున వాకిట్లోకి వచ్చింది.

"సామీ! ఆ డబ్బీ బయటే పెట్టాల. కాళ్ళూ చేతులూ ఈ తొట్టిలో ముంచి, ముఖం కడుక్కోని లోపలికి రావాల."

నాగరాజ్ బిక్కచచ్చిపోయాడు. "ఏమే అది? సార్‌కు..."

"నువ్వూ ముంచు."

కేశవమూర్తి కండ్లద్దాల మీదుగా ఆమెను చూశాడు. తొట్టిని చూశాడు. ఆయన ముఖం మెల్లగా వెలిగింది.

"నాగరాజ్! నలభై ఇండ్లు తిరిగినాను. చెప్పులతో లోపలికి రమ్మన్నవాళ్ళున్నారు. బోండా తింటూ విన్నవాళ్ళున్నారు. వినేదానికి ఇంత మడి పాటించే ఇల్లు ఇదే చూడడం. ఇదంతా అమ్మ పెట్టిన పద్ధతా?"

నాగరాజ్ భార్య వైపు అనుమానంగా చూశాడు. కానీ పొగడ్త ఇంటికి వచ్చినప్పుడు తలుపు వేసేవాడెవడు? "అవును సార్. మా ఇంట్లో మొదట్నించీ అంతే" అన్నాడు.

"నువ్వూ వచ్చి కూర్చోమ్మా" అన్నాడు కేశవమూర్తి. అట్లా ఆమె పాట వినడానికి మొదటిసారి ఆ గదిలో తలుపు పక్కన చాప మీద కూర్చుంది. తెర అడుగున జానెడు సందు ఆమెకు ఊరంత వాకిలిలా కనిపిస్తోంది.

నాగరాజ్ నాగస్వరం రికార్డు తీయబోయాడు. కేశవమూర్తి చెయ్యి అడ్డం పెట్టాడు.

"పాట ఎవరైనా వింటారు. నేను ముందు పాట లేనిది వింటాను. ఏమీ పెట్టొద్దు. వాల్యూము మాత్రం పూర్తిగా పెంచు. మంచి యాంప్లిఫయర్ అయితే ఏమీ వినిపించకూడదు. గుడి తలుపులు మూసినాక గర్భగుడిలో ఎట్లుంటుందో అట్లుండాలి."

నాగరాజ్ వాల్యూము పెంచాడు. కేశవమూర్తి కండ్లు మూసుకున్నాడు. గదిలో పదివేల పురుగులు ఆకు మేస్తున్నాయి.

ఆయన కనుబొమ్మ కదిలింది. "వాన."

"అవును సార్, మూడు దినాలుగా ఇంతే."

కేశవమూర్తి లేచాడు, తలుపు తీసి వాకిట్లోకి పోయి ఆకాశం చూశాడు. ఆ వెంకటరమణుడికి ఆ క్షణమే దొరికినట్టుంది, ముసురు ఆగిపోయి ఉంది. చూరునుంచి ఒక్క చుక్క లేదు. ఆయన లోపలికి వచ్చి మళ్ళీ తలుపు వేసి కూర్చున్నాడు.

"బయట వాన నిలిచింది. లోపల నిలవలేదు. నాగరాజ్, పెట్టెల్లో జబ్బుంది. సన్నగా, విడవకుండా, జల్లు మాదిరి వస్తావుంది."

నాగరాజ్ ముఖం పాలిపోయింది. "నాకు ఏమీ వినబడలేదు సార్."

"నీకు వినబడకపోతే లేనట్టా? కుడి పెట్టె ఆపు."

కుడి పెట్టె ఆగింది. జల్లు ఆగలేదు.

"అయితే ఎడమదే. దాన్నీ ఆపు."

"ఆపొద్దప్పా!" లక్ష్మీనరసమ్మ నోరు జారింది. ఇద్దరూ తిరిగి చూశారు. "అది... చల్లారిపోతే మళ్ళా మూడు గంటలని నువ్వే చెప్తివి కదా."

"చూడు, నీకన్నా ఆమెకు ఎక్కువ తెలుసు" అన్నాడు కేశవమూర్తి. "అయినా తప్పదమ్మా. రోగం యాడుందో చూడాలి కదా. ఆపు."

ఎడమ పెట్టె మీద చిన్న దీపం ఆరింది. లోహపు రెక్కలు చల్లారుతూ టిక్కు టిక్కుమన్నాయి. లక్ష్మీనరసమ్మ కొంగు బిగించి పట్టుకుంది.

జల్లు పడుతూనే ఉంది.

కేశవమూర్తి కదలకుండా కూర్చున్నాడు. "రెండూ ఆపినావా?"

"ఆపినా సార్."

"ప్లగ్గు తీయి."

ప్లగ్గు తీశాడు. కేశవమూర్తి రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు. ఏదో లెక్క తేలినట్టు తల ఊపాడు. కండ్లద్దాలు తీసి శాలువతో తుడవడం మొదలుపెట్టాడు. ఆ తుడవడం ఎంతకూ అయిపోలేదు.

"నాగరాజ్, నీ పెట్టెల్లో ఏమీ లేదు. నా చెవుల్లో ఉంది, మూసుకున్నా హోరుమంటావుంది. మా నాయనకు డెబ్భైలో వచ్చింది, ఇట్లే, వాన పడినట్టు వినిపిస్తుందనేవాడు. తరువాత మంత్రం కూడా వినబడేది కాదు. నాకు అరవై తొమ్మిది." అద్దాలు పెట్టుకున్నాడు. "ఎవరికీ చెప్పొద్దు. ఇంక నేను ఎవరింటికీ వినేదానికి పోను."

నాగరాజ్ ప్లగ్గును చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

లక్ష్మీనరసమ్మకు తెలుసు, ఇప్పుడు ఊరుకుంటే చాలు. పెద్దాయన దిగాలుగా కాఫీ తాగి పోతాడు. పెట్టెలు మళ్ళీ ఆన్ చేయించవచ్చు. సాయంత్రం బస్సుకు హీటరు వస్తుంది. పంట నిలుస్తుంది, ఆన నిలుస్తుంది, గది నిలుస్తుంది. ఇరవై రెండేండ్ల పేరు నిలుస్తుంది. నోరు మూసుకోవడం ఒక్కటే పని, అది కూడా ఈ గదిలో నియమమే.

కానీ పెద్దాయన తెచ్చిన రికార్డును గుడ్డ కూడా విప్పకుండా మళ్ళీ చంకలో పెట్టుకోబోతున్నాడు.

"గంగమ్మా, గది పోతే పోనీ" అనుకుంది. లేచి పోయి తెరను ఒక పక్కకు లాగింది.

"మీ చెవులకు ఏమీ కాలేదు సామీ. ఇవి మేస్తాండేది మీకు వినపడింది. చింతామణి నించే వినగలిగే చెవులు మీవి."

పదహారు తట్టలు, పచ్చటి ఆకు, దాని మీద తెల్లగా వేలంత పురుగులు, ఒక్కటీ తల ఎత్తకుండా తింటున్నాయి.

నాగరాజ్ చేతిలో ప్లగ్గు కింద పడింది. "ఏమే! నా గదిలో పురుగులా? తేమా, పెంటా... ఎవుర్నడిగి తెచ్చినావు? తియ్యి, ఇప్పుడే తియ్యి బయటికి!"

"తీస్తే చలికి చస్తాయి. చస్తే పంట పోతాది. పంట పోతే రేకుల గది నీది, ఆన పెట్టినా కదా, తీసుకో. సాయంత్రం దాకా ఆగప్పా అని అడగాలనుకున్నా, నువ్వు ఒప్పుకోవని అడగలా."

కేశవమూర్తి ఈ మాటలేవీ వినలేదు. ఆయన ఒక తట్ట దగ్గరికి పోయి చెవి వంచాడు. వెనక్కి జరిగాడు, చప్పుడు తగ్గింది. ముందుకు వంగాడు, పెరిగింది. మళ్ళీ జరిగాడు. అరవై తొమ్మిదేండ్ల మనిషి చిన్నపిల్లవాడిలా ముందుకూ వెనక్కూ ఊగుతూ నవ్వడం మొదలుపెట్టాడు.

"నా చెవులు బాగున్నాయి! నాగరాజ్, బాగున్నాయప్పా! ముందు ఆ ప్లగ్గు పెట్టు. పాపం, చలికి అల్లాడిపోతాయి."

"సార్, మీరు కూడా..."

"పెట్టవయ్యా అంటే!"

నాగరాజ్ పెట్టాడు. అప్పుడే శాలువ మీద ఏదో పాకుతున్నట్టై కేశవమూర్తి తిరిగి చూసుకున్నాడు. వంగినప్పుడు ఒక పురుగు ఎక్కింది. "అయ్యయ్యో, తీయండి తీయండి" అని గంతు వేశాడు. "మళ్ళీ స్నానం చేయాలి!"

లక్ష్మీనరసమ్మ దాన్ని రెండు వేళ్ళతో మెల్లగా తీసి తట్టలో వేసింది. "స్నానం చేసి ఏం కట్టుకుంటారు సామీ?"

"మడిపంచ."

"పట్టుదేనా?"

కేశవమూర్తి అవునన్నట్టు తల ఊపాడు. ఊపిన తల మధ్యలో ఆగింది. తట్టలోని పురుగును చాలాసేపు చూశాడు.

"ఒక పంచకు ఎన్ని పడతాయమ్మా?"

"వేలు పడతాయి సామీ."

"చీమను తొక్కినా రామా అనుకునేవాణ్ణి నేను" అన్నాడు ఆయన మెల్లగా. లక్ష్మీనరసమ్మ ప్రశ్నకు ఈయన దగ్గరా జవాబు లేదు. కానీ అడగడానికి ఇంకొక మనిషి దొరికాడు, అదే చాలనిపించింది.

అరగంటకు ఆకు అయిపోయింది. జల్లు తగ్గి తగ్గి నిలిచిపోయింది. అప్పుడు కేశవమూర్తి గుడ్డ విప్పి తన రికార్డు పెట్టించాడు. ఒక తంబూర, ఒక ముసలి ఆడగొంతు. ఆమె మొదటి అక్షరం పలకక ముందు పెదవులు విడిపోయిన చప్పుడు లక్ష్మీనరసమ్మకు కూడా వినబడింది. ఎవరో ఎదురుగా వచ్చి కూర్చున్నట్టు కొంగు సర్దుకుంది.

పాట అయిపోయింది. కేశవమూర్తి కండ్లు తెరవలేదు.

"వినొచ్చు" అన్నాడు.

నాగరాజ్ ఉన్నచోటే నేలమీద కూర్చున్నాడు. వెంటనే అత్యాశ పుట్టింది. "సార్, ఈ తట్టలు లేకపోతే ఇంకా బాగుంటాది సార్. హాల్లో పెట్టేసి ఒక్కసారి..."

"సరే, చూద్దాం. అయిదు నిమిషాలు. అమ్మా, చలి తగలకుండా దుప్పటి కప్పు."

స్టాండ్లు హాల్లోకి పోయాయి. అదే రికార్డు, అదే గొంతు. కానీ ఆమె పాడుతున్నది ఖాళీ కళ్యాణమంటపంలో పాడినట్టుంది. ప్రతి అక్షరమూ గోడకు కొట్టుకుని తిరిగొచ్చి చెంప మీద తగులుతోంది. నాగరాజ్ ముఖం చూస్తేనే తెలిసింది, ఇది అతనికీ వినబడుతోందని.

"సరిపోదు" అన్నాడు కేశవమూర్తి. "ఆ తట్టలూ ఆకూ వెనక గోడకు పోయే శబ్దాన్ని మింగుతా ఉండినాయి. నువ్వు ఈ తెరకు ఎంత తగలేసినావో నాకు తెలీదు, అది చేయని పని పురుగులు చేసినాయి. తీసుకొచ్చి లోపల పెట్టు."

నాగరాజ్ స్టాండు మీద చెయ్యి వేయబోయాడు.

"చేతులు ముంచి రా" అంది లక్ష్మీనరసమ్మ.

ముంచి వచ్చాడు.

సాయంత్రం హీటరు బస్సులో వచ్చింది. కట్టిన తాడు ఎవరూ విప్పలేదు. అది వసారాలో ఒక మూల ఉంది, పిల్లి దానిమీద పడుకుంటోంది. పురుగులు రెండు రోజుల తరువాత పాట గదిలోనే, తెర వెనకే, గూళ్ళు కట్టాయి. ఆ రెండు రోజులూ మేత వేసిన గంటకు గాని నాగరాజ్‌కు పాట లేదు. "భోంచేసినాయా?" అని తలుపు సందులోంచి అడిగి, చేసినాయంటేనే లోపలికి వచ్చేవాడు. ఈ ఇరవై రెండేండ్లలో ఆ గూళ్ళంత గట్టి గూళ్ళు రాలేదని శిడ్లఘట్ట పట్టు మార్కెట్లో చూసినవాళ్ళన్నారు. లక్ష్మీనరసమ్మ మొదటి గూళ్ళు దండ గుచ్చి గంగమ్మకు వేసింది. ఇంకొక చిన్న దండ మిగిలితే తెచ్చి కుడి పెట్టె మీద పెట్టబోయింది. "రెక్కల మీద వద్దు, వేడికి మాడతాది" అన్నాడు నాగరాజ్. వద్దనలేదు, రెక్కల మీద వద్దన్నాడు. ఆమె దాన్ని పీట మీద పడుకున్న తీగకు చుట్టింది.

గూళ్ళు అమ్ముడుపోయిన నాలుగో రోజు నాగరాజ్ వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. తల గోక్కున్నాడు.

"ఏమప్పా?"

"గది బోసిగా ఉండాది. నాగస్వరం రేకు డబ్బా మాదిరి మోగతాండాది."

"దుప్పట్లు వేసుకో."

"వేసినా. సరిపోలా." గడప దాటి లోపలికి వచ్చాడు. "మళ్ళా పురుగులు ఎప్పుడు తెస్తావు?"

లక్ష్మీనరసమ్మ పోపు గరిటె కింద పెట్టి తీరిగ్గా చేతులు తుడుచుకుంది. "పంట పోలేదు కాబట్టి రేకుల గది నాదే. ఎండకాలం ఆడ, చలికాలం నీ గదిలో. తొట్టిలో ముంచంది లోపలికి రాకూడదు. ఇంకొకటి." దేవుడి గూటి పక్కన వేలాడుతున్న క్యాలెండరు చూపించింది. "ఆయప్ప ఉండిన చోటికి ఆయప్ప పోవాల."

"మృదంగం మోగితే అదురుతాది మే!"

"అదరకుండా పెట్టు. అంత పెద్ద పెట్టెలు తెచ్చినోడివి, ఒక కాగితానికి ఉపాయం దొరకదా?"

నాగరాజ్ సాయంత్రమంతా ఆలోచించి, కేశవమూర్తికి ఫోను చేసి అడిగి, చివరికి క్యాలెండరు వెనక అట్ట అంటించి నాలుగు మూలలా నాలుగు మొలలు కొట్టాడు. స్వామి పాదాలకు తగలకుండా జాగ్రత్తగానే కొట్టాడు. తరువాత మృదంగం రికార్డు పెట్టి, వాల్యూము పెంచి, దేవుడి వైపు చెవి పెట్టి విన్నాడు.

చప్పుడు లేదు. స్వామి కదల్లేదు. కదలడానికి వీల్లేకుండా కొట్టారు మరి.

లక్ష్మీనరసమ్మ తలుపు దగ్గర నిలబడి చేతులు జోడించింది. ఇది అపచారమా, సేవా అని ఒక క్షణం ఆలోచించింది. తేలలేదు. స్వామి ముఖం మాత్రం వంటింట్లో ఉన్నప్పటికన్నా ప్రసన్నంగా కనిపించింది. బయట చలి ఎక్కువగానే ఉంది. ఆ గదిలో వెచ్చగా ఉంది.